బొటనవేలి ముళ్ళు

"పోయినవారం పొట్ట నొక్కితే అరిచావు. హిస్టీరియా అన్నాం. ఇవాళ చూద్దాం," అంటూ డాక్టర్ వెర్నే తన తోలు చేతితొడుగులు తీసి బల్లమీద పెట్టి, ఫిలొమెన్ వేలికొసలో సూది గుచ్చాడు.

మొగుడితో పోట్లాడిందని ఆమెను తెచ్చి ఆసుపత్రిలో పడేశారు. ఇవాళ అరవకపోతే పాలు తాగే బిడ్డ దగ్గరికి పంపుతారని ఆమె ఆశ. కిక్కురుమనలేదు.

"చూశావా, స్పర్శే లేదు. హిస్టీరియాకి ఇంతకంటే గుర్తు ఏం కావాలి?" అన్నాడు వెర్నే. చిన్న డాక్టర్ లూసియాన్ రాసుకున్నాడు.

"పదిహేనేళ్ళుగా ఈ గ్రెనోబుల్ ఊళ్ళో తొడుగులు కుడుతున్నానయ్యా. వేళ్ళు కాయలు కాచిపోయాయి. మోచేతిమీద గుచ్చి చూడండి. ఆ బల్లమీదవీ నేను కుట్టినవే."

వెర్నే నవ్వాడు. "భ్రమలు కూడా ఉన్నాయి. రాయి."

"తొడుగు బొటనవేలి లోపల నాలుగు దారపు ముళ్ళుంటాయి. అలా వేసేది మా కొట్టులో నేనొక్కదాన్నే. తిరగేసి చూడండి."

లూసియాన్ తొడుగు తిరగేశాడు. నాలుగు ముళ్ళున్నాయి. వేలితో తడిమాడు కూడా.

"ఏముంది?" అన్నాడు వెర్నే, గడియారం చూసుకుంటూ.

"ఏం లేదండీ." లూసియాన్ తొడుగు సరిచేసి ఆయనకిచ్చి, కలం సిరాలో ముంచి, భ్రమలని రాశాడు.

"తడిమినా తెలియలేదా?" అంది ఫిలొమెన్. "మరి స్పర్శ లేనిదెవరికి బాబూ?"