మేకు దిగని చోటు

ఆ పొద్దున కొండల మీద మబ్బు ఒకటి, వానగా దిగాలా వచ్చిన దారినే పోవాలా తేల్చుకోలేక కూర్చుని ఉంది.

సత్యప్రసాద్ కారు దిగుతూనే ముందు దాన్ని చూశాడు.

"కురుస్తుందంటావా మురళీ?"

"మీ ప్లాన్ కదా బావా, కురిసి తీరుద్ది," అన్నాడు బావమరిది మురళీకృష్ణ.

భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం సత్యప్రసాద్‌ది. వ్యాపారంలో గట్టివాడే. ఇంట్లోవాళ్ళని ఎక్కడికన్నా తీసుకెళ్తే మాత్రం ఏదో ఒకటి తిరగబడుద్ది. అరకు వెళ్ళినప్పుడు గది దొరక్క ముగ్గురూ కారులోనే పడుకున్నారు. ఆ కథ మురళి ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ చెబుతున్నాడు.

"ఈసారీ అంతే అయితే ఇంక మీతో గుమ్మం దాటను," అంది భార్య లావణ్య. నవ్వుతూనే మొదలెట్టింది గాని, మాట పూర్తయ్యేసరికి నవ్వు లేదు.

అందుకే నెలల తరబడి ఫోన్లో చూసి చూసి ప్లాన్ వేశాడు. టెంటు కొన్నాడు. చిన్న గ్యాసు పొయ్యి కొన్నాడు. ఈ రాత్రి గోదారి ఒడ్డున మకాం, రేపు పాపికొండల నేషనల్ పార్కు. చీకటితోనే బయల్దేరి, పట్టిసీమ రేవులో ఆగి, నది మధ్య గుట్ట మీదున్న వీరభద్రుడికి ఇవతల నుంచే దణ్ణం పెట్టుకుని, నది వెంట ఎగువకి వచ్చి ఇక్కడ ఆగారు. ఎండాకాలం నీళ్ళు తగ్గితేనే బయటపడే మెరక ఇది.

చోటు బాగుంది. మనుషుల అలికిడి లేదు.

ఒక ముసలామె తప్ప.

చంకలో మూట, చేతిలో చీపురు. ఇసుక ఊడుస్తోంది.

"ఇసుక ఊడవడమేంటి బావా? మతి సరిగా లేదేమో."

"మతికేం కాలేదు. సాయంత్రానికి కూలి అడుగుద్ది చూడు."

సత్యప్రసాద్ టెంటు పరిచి మేకు కొట్టాడు. దిగలేదు. ఇంకో దెబ్బ వేశాడు. వంగిపోయింది.

"అక్కడ దిగదు బాబూ," అంది ముసలామె. "రెండు బారలు ఇవతలకి రా."

"ఈ ఇసుక నీదా మామ్మా?"

"నాదెందుకవుద్ది? గోదారిది."

మురళి పకపకా నవ్వాడు. సత్యప్రసాద్‌కి చురుక్కుమంది. జేబులోంచి నోటు తీశాడు.

"ఇది ఉంచుకుని వెళ్ళు మామ్మా. ఫ్యామిలీతో వచ్చాం."

ఆమె నోటు వంక చూడలేదు.

"ఎక్కడికెళ్తాను?" అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

చివరికి టెంటు రెండు బారలు ఇవతలకే జరిగింది. మేకు మెత్తగా దిగిపోయింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ముసలామె టెంటు చుట్టూ ఊడ్చింది. మూట విప్పి, పిండి తీసి, టెంటు ముందు చిన్న ముగ్గు పెట్టింది. లావణ్యకి సరదా వేసి ఫొటో తీసుకుంది.

"ముగ్గెందుకు మామ్మగారూ?"

"మనుషులొచ్చారు కదమ్మా."

మధ్యాహ్నం, మేకు దిగని చోటు చదునుగా ఉందని అక్కడే దుప్పటి పరిచారు. ఇంటినుంచి తెచ్చిన రొయ్యల పులావు మూత తీస్తే ఆ ఒడ్డంతా గుమ్మంది. లావణ్య ఒక ప్లేటులో పెట్టి ముసలామెకి ఇవ్వబోయింది.

"ముందు మీరు కానివ్వండమ్మా."

అవతల కూర్చుని, వాళ్ళ ప్లేట్ల వంకే చూస్తోంది.

"మిగిలిందంతా పట్టుకుపోదామని ఆవిడ ప్లాన్," గొణిగాడు మురళి. "మీ ప్లాన్ కంటే అదే నయం."

సత్యప్రసాద్ పులావు గిన్నె కొంచెం తన వైపు జరుపుకున్నాడు.

తినడం అయ్యాక లావణ్య చేయి కడుక్కోడానికి నీళ్ళ వైపు నడిచింది. ముసలామె అప్పటికే చెంబు నింపి నిలబడి ఉంది. చేతుల మీద నీళ్ళు పోసింది.

"మీ ఊరెక్కడ మామ్మగారూ?"

"ఇప్పుడా? ప్రాజెక్టోళ్ళిచ్చిన కాలనీ. మంచి ఇల్లేనమ్మా, స్లాబు."

"అంతకు ముందండీ?"

ముసలామె గడ్డంతో దుప్పటి వైపు చూపించింది.

"ఆ బాబు మేకు దిగలేదే, ఆ గచ్చు మా ఆయన చేయించింది. మీ టెంటున్నది వాకిలి. వరదకి మునుగుద్ది, ఎండలకి తేలుద్ది. తేలినప్పుడు వచ్చి ఊడ్చుకుపోతా."

లావణ్య తిరిగొచ్చి, ఆ మాటలు ఆ మాటల్లాగే చెప్పింది.

మురళి దుప్పటి మీంచి లేచాడు. కాళ్ళకున్న బూట్లు విప్పి, తీసుకెళ్ళి ముగ్గుకి అవతల పెట్టాడు. జోకు వేయలేదు.

జేబులో నోటు సత్యప్రసాద్‌కి బరువుగా తగిలింది. లేచి ఆమె దగ్గరికెళ్ళాడు.

"మామ్మగారూ... భోజనానికి రండి."

"మీరంతా తిన్నారా?"

"తిన్నామండి."

"కడుపు నిండిందా?"

"నిండిందండి."

అప్పుడు వచ్చి కూర్చుంది. లావణ్య వడ్డించిన ప్లేటు ముందు పెట్టుకుంది గాని, చేయి పెట్టలేదు. మూటలోంచి చిన్న గిన్నె తీసింది. ఆవకాయ కలిపిన అన్నం. తలో ముద్ద తీసి ఇవ్వబోయింది.

ఎవరి కడుపులోనూ చోటు లేదు. అయినా మూడు చేతులూ ముందుకొచ్చాయి.

కొండల మీద మబ్బు ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు. గోదారి చప్పుడు లేకుండా పోతోంది.

ముగ్గురూ తినడం మొదలుపెట్టారా లేదా అని ఒక్కొక్కరినే చూసుకుని, అప్పుడు తన ముద్ద నోట్లో పెట్టుకుంది ఆ ఇంటావిడ.