బల్తసార్‌కు మసి

మా స్పెయిన్ ఊళ్లో, బాలయేసును చూడవచ్చిన ముగ్గురు రాజుల పండుగకు, ఆఫ్రికా రాజు బల్తసార్ వేషం ఏటా రొట్టెల కొట్టాయన ముఖానికి మసి పూసుకుని కడతాడు. ఈసారి ఆయనకు జ్వరం. మేం ఆఫ్రికాలోని గినీ నుంచి వచ్చిన నాటి నుంచీ ఆ వేషానికి ఆశపడుతున్న మా తమ్ముడు ఎన్‌డోంగ్‌ను పిలిచారు.

ఏటా రాజులకు వేషాలు వేసే రెమెదియోసమ్మ మసి డబ్బాతో వచ్చింది.

"ఆఫ్రికాలోనే పుట్టానమ్మా, నాకెందుకు?"

"ఆనవాయితీ బాబూ. పూయకపోతే పిల్లలు రాజనుకోరు. ముఖం ఇటు పెట్టు."

వాడు నావైపు చూశాడు.

"పూయించుకోరా. దేవుడికి నీ ముఖం తెలుసు" అన్నాను.

వీధిలో పిల్లలు, లోపల రొట్టెలాయనే ఉన్నాడని రుజువు చేయడానికి, ఎప్పటిలాగే తడిగుడ్డతో బుగ్గ రుద్దారు. మసి పోయింది. నలుపు పోలేదు.

"ఈయన నిజం రాజే" అంది ఒక పిల్ల. "మరి ఆ ఇద్దరెవరు?"

అందరూ మిగతా రాజుల గడ్డాలు పీకడానికి పరుగెత్తారు.