గిల్లిగాడి మొదటి చొక్కా

ఒక పెరట్లో, కరివేపాకు చెట్టు మీద, గిల్లి అనే బుల్లి గొంగళిపురుగు ఉండేవాడు. పొద్దున కరివేపాకు, మధ్యాహ్నం కరివేపాకు, రాత్రికీ అదే! వాడికి విసుగొచ్చేసింది.

"సీతాకోకచిలుకలు తేనె తాగుతాయి కదా! నేనూ తేనే తాగి గబగబా సీతాకోకనైపోతా!" అంటూ పక్కనున్న మందారం మీదికి పాకేశాడు.

తేనె తాగాడు, గంతులేశాడు, పాటలు పాడాడు, పువ్వులోనే దొర్లి నిద్రపోయాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

గొంగళిపురుగులు లావెక్కేకొద్దీ పాత చర్మాన్ని బిగుతైన చొక్కాలా విప్పేస్తాయి. వారం తిరిగేసరికి చెల్లెలు బొద్ది నాలుగో చొక్కా విప్పేసి, గూడు కట్టుకోవడానికి చోటు వెతుక్కుంటోంది. గిల్లి ఇంకా మొదటి చొక్కాలోనే ఉన్నాడు. అదీ వదులై జారిపోతోంది!

"పిన్నీ, నా రెక్కలేవీ?" అని మందారం మీద వాలిన సీతాకోకచిలుకను పట్టుకుని ఏడ్చాడు.

పిన్ని పడీపడీ నవ్వింది. "ఈ రెక్కలు కరివేపాకు తిని పెంచుకున్నవిరా వెర్రినాయనా! తేనె ఎదిగాక తాగేది. నువ్విలాగే ఉంటే జన్మంతా పాకుతూనే ఉంటావు!"

గిల్లి ఒక్క పరుగున చెట్టెక్కాడు. కరకర, కరకర! రెండో రోజుకే చొక్కా టప్పున చిరిగింది. సంబరంగా కొమ్మ చివరికంటా పాకి, వంటింటి కిటికీలోంచి తొంగిచూశాడు.

లోపల ఒక పాప పులిహోరలోంచి కరివేపాకంతా ఏరి కంచం అంచున పెడుతోంది.

"ఓయ్ పాపా!" నోట్లో ఆకుతోనే అరిచాడు గిల్లి. "నీకు రెక్కలొద్దా?"