మధ్యలో ఆగిన హార్మోనియం

"అమ్మా, నీ పద్యానికి ఎవురో హార్మోనియం కలిపి పంపినారు. ఇను" అంటూ నాగశ్రీ ఇయర్‌ఫోన్ తీసి తల్లి చెవిలో పెట్టింది.

చింతపండు పిసుకుతున్న సుందరలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. గొంతు తనదే. కూతురు సరదాకి కంప్యూటర్‌లో రికార్డు చేసి, ఆర్కుట్‌లో పద్యనాటకాల పిచ్చోళ్ల గుంపులో పెట్టిన పాత పద్యం. ఇప్పుడు దాని వెంట హార్మోనియం నడుస్తోంది. తాను ఊపిరి తీసుకున్న చోటల్లా సందు చూసుకుని దూరుతోంది. మళ్లీ తాను అందుకోగానే ఒద్దికగా పక్కకు తప్పుకుంటోంది.

"ఎవురే పంపింది?"

"మైదుకూరులో దావీదురాజంట. ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకోనుండాడంట."

"దావీదురాజూ కాదు, వాళ్ల తాతా కాదు. ఈ చెయ్యి మాబు సాహెబుది!"

ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తి ఏళ్లు గడిచిపోయాయి. ఎట్లా ఎత్తుతారు మరి?

ఒకప్పుడు కర్నూలు, కడప జిల్లాల్లో సుందరలక్ష్మి వేషం కట్టిందంటే జనం ట్రాక్టర్లు ఎక్కి వచ్చేవాళ్లు. పద్యం ముగియడం ఆలస్యం, "వన్స్ మోర్!" అని కేకలు. ఆమె మళ్లీ ఎత్తుకునేది. "ఈల ఏసినోడికల్లా పాడతా కూచుంటే నాటకం ఎప్పటికి తెమిలేది తల్లీ?" అని హార్మోనియం దగ్గర మాబు సాహెబు సణిగేవాడు. సణిగినా వాయించేవాడు, అదీ ఆమె గొంతుకు తగ్గట్టే. ఆమె ఏ పద్యం ఏ శ్రుతిలో ఎత్తుకుంటుందో ఆయన వేళ్లకే తెలుసు.

ఆత్మకూరు నాటకంలో మాత్రం కొంప మునిగింది. జనం మూడోసారి అడిగారు. ఆమె ఇంకా పైకి ఎత్తుకుంది. హార్మోనియం దారి తప్పింది. ఒక అపస్వరం, దాని వెనకే ఇంకొకటి. అంతలో మాబు సాహెబు పెట్టె మూసేసి, ఆమె మొహం కూడా చూడకుండా వేదిక దిగి వెళ్లిపోయాడు. శ్రుతి లేక ఆమె గొంతు కీచుమంది. ఈలలు వేసిన జనమే పడీపడీ నవ్వారు. ఆ తర్వాత ఆమె మొహానికి రంగు పూసుకోలేదు.

ఓర్వలేక చేశాడని నాటక సమాజమంతా చెప్పుకుంది. ఆమె కూడా అదే నమ్మింది. నిలదీద్దామంటే మనిషి మళ్లీ కనబడితే కదా!

అయినా పాటకు సిగ్గెక్కడిది? కోపం కోపంగానే ఉంది, మరుసటి వారం ఇంకో పద్యం పాడి పంపింది. అది కూడా హార్మోనియం తోడు చేసుకుని తిరిగొచ్చింది. అట్లా మొదలైంది. వంటింట్లో కూనిరాగం కూడా తీయని మనిషి తెల్లారకముందే లేచి సాధకం చేయసాగింది. ఎక్కడెక్కడివాళ్లో విని మెచ్చుకున్నారు. ఇటు నుంచి పద్యం, అటు నుంచి హార్మోనియం. అంతే, మధ్యలో ఒక్క మంచీ చెడ్డా లేదు.

ఇంతలో గొంతులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ తప్పదని, ఆ తర్వాత పాడగలరని మాత్రం మాట ఇవ్వలేనని డాక్టరు చెప్పేశాడు. అదే నెలలో కర్నూలులో ఒక సభవాళ్లు ఇద్దరినీ వేదిక మీద కూర్చోమని అడిగారు. సుందరలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. పోయే గొంతును ఆయన హార్మోనియం పక్కన ఒక్కసారి పాడి పోగొట్టుకుంటే చాలనుకుంది.

కూతురి చేత రాయించింది. "నాకిదే ఆఖరు సాహెబ్. ఒక్కసారి వచ్చి పక్కన కూచో. ఆత్మకూరు సంగతి మరిచిపోతా."

జవాబు ఒకే ముక్క. "స్టేజీ మీద నాతో కాదు. మన్నించు తల్లీ."

ఫోన్ చేయించింది. దావీదురాజు ఎత్తాడు. "ఆయన ఫోన్లో మాట్లాడడమ్మా" అన్నాడు.

"నాతో మాట్లాడితే నోరు అరిగిపోతాదా ఆయనకి?" అని సుందరలక్ష్మి చెప్పులేసుకుని బస్సెక్కింది.

మైదుకూరులో దిగి, అడిగి అడిగి ఆ సెంటర్ చేరింది. ఆమె పేరు చెప్పగానే దావీదురాజు గబుక్కున లేచాడు.

"మీరా అమ్మా! రాండి, కూచోండి. మాబు మామ లోపల మీ పద్యానికే వాయిస్తాండాడు. రవ్వంత అయిపోనీండి."

ఆమె కూర్చోలేదు. నేరుగా పోయి లోపలి గది తలుపు తోసింది.

మాబు సాహెబు గడ్డం నెరిసింది. మానిటర్‌కు ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చుని, రెప్ప వేయకుండా చూస్తూ వాయిస్తున్నాడు. తెర మీద పచ్చగీతలు కదులుతున్నాయి. నాగశ్రీ రికార్డు చేసేటప్పుడు ఆమె చూసిన గీతలే. గొంతు ఎత్తిన చోట లేస్తాయి, ఊపిరి తీసిన చోట సన్నబడతాయి. గది నిండా హార్మోనియం మోగుతోంది. ఆమె గొంతు మాత్రం ఎక్కడా లేదు. హెడ్‌ఫోన్ గోడ మేకుకు వేలాడుతోంది. స్పీకర్లకు వైరే లేదు.

ఇన్నాళ్లూ ఆమె తెల్లారకముందే లేచి ప్రాణం పెట్టి పాడిన పద్యాలను ఈ మనిషి విననే లేదన్నమాట! సుందరలక్ష్మి గిరుక్కున వెనక్కి తిరిగింది. కళ్లనీళ్లు ఆగలేదు.

"ఇదేనా మర్యాద దావీదూ? గీతలు జూసి వాయించి పంపుతాండాడే! ఆయన చెవిలో పడేదానికి గూడా నా గొంతు పనికిరాకపాయనా? నన్ను అంతమంది నడుమ నవ్వులపాలు చేసింది చాల్లేదా? ఈ గొంతు కూడా పోయేముందర ఒక్కసారన్నా ఇనకూడదా?"

దావీదురాజు గది తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.

"ఆయనకి ఇనపడతాండిన ఒక్క చెవీ ఆ పొద్దు ఆత్మకూరులో మీ పద్యం నడుమనే పోయిందమ్మా, ఆయన ఆఖరుగా ఇన్నది మీ గొంతే."