రాతి మీద నాన్న పేరు

"మళ్ళీ చెప్పమ్మా, నాన్న ఎలా పోయాడు?"

మూరియల్ పెన్సిలు పట్టుకుని వంటింటి బల్ల ముందు కూర్చుంది. ఆమె తల్లి ఎఫీ మెక్‌లీష్ పిండి మీద కర్ర దొర్లిస్తోంది గానీ కూతురి వైపు చూడటం లేదు.

"గుర్రం తన్ని."

"పోయిన వారం జ్వరమన్నావు. నా చిన్నప్పుడు నదిలో మునిగిపోయాడన్నావు."

"జ్వరంతో నది దాటుతుంటే గుర్రం తన్నింది. దురదృష్టవంతుడు, పాపం."

పొయ్యి పక్కన కూర్చున్న తెక్లా కిసుక్కున నవ్వింది. పక్క పొలం ఆవిడ. ఎప్పుడో ఉక్రెయిన్ నుంచి మూటాముల్లే సర్దుకుని, మొగుడితో ఓడెక్కి వచ్చింది. పిల్లల్ని ఇంటినిండా కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసింది. రోజూ మధ్యాహ్నం ఈ వంటింట్లోకొచ్చి పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, పొట్టు ఒళ్ళోకి ఊసుకుంటూ కూర్చోవడం ఆవిడ హక్కు.

"నవ్వకు పిన్నీ. రేపు పొద్దున్న శిల్పి చేతికి పేర్లివ్వాలి," అంది మూరియల్.

కెనడాలోని సాస్కచ్చెవాన్ రాష్ట్రానికి ఆ ఏడాదితో యాభై ఏళ్ళు నిండాయి. బీడు దున్ని ఊరు నిలబెట్టిన తొలి రైతుల పేర్లు చెక్కించి, ఊరి హాలు ముందు రాయి పాతాలని తీర్మానించారు. మహిళా సంఘం కార్యదర్శిగా ఇల్లిల్లూ తిరిగి ముసలమ్మల చేత పాత రోజులు చెప్పించింది మూరియలే. తెక్లా మొగుడు ఓస్తాప్ పేరైతే తనే మొదటి వరసలో రాసింది. ఇక మిగిలింది సొంత నాన్న పేరు. బడిలో అందరూ నాన్నల గురించి చెబుతుంటే తలొంచుకుని కూర్చున్న పిల్ల ఆమె. సమాధి ఎక్కడుందో కూడా తెలియని ఆ మనిషి పేరు రాతి మీదైనా చేత్తో తడిమి చూసుకోవాలని ఆశ.

"ఒక్క ఫోటో లేదు. ఈ వెడల్పు మొహం, ఈ భుజాలు, నీ పోలిక ఒక్కటీ రాలేదు నాకు. అంతా ఆయనదే అయ్యుండాలి. ఆయన గురించి రెండు మాటలు చెప్పడానికి నీకేంటమ్మా అంత కష్టం?"

"ఆ పేరు చెక్కించకే," అంది ఎఫీ.

"ఏం? తాగుబోతా? మనల్ని వదిలేసి పోయాడా?"

"వదిలేసి పోవాలంటే ముందు రావాలిగా!"

మూరియల్ పెన్సిలు బల్ల మీద పెట్టేసింది. ఎఫీ చేతులు దులుపుకుని ఎదురుగా కూర్చుంది.

"విను. ఆ రోజుల్లో మీసం మొలిచిన ప్రతి వెధవకీ నూట అరవై ఎకరాలు ఊరికే రాసిచ్చేవాళ్ళు. పెళ్ళికాని ఆడదానికి మాత్రం సెంటు ఇచ్చేవాళ్ళు కాదు. మొగుడు చచ్చి, ఒళ్ళో పిల్ల ఉంటేనే ఆడదానికి భూమి. ఒకళ్ళ ఇంట్లో బట్టలుతికి బతకడం నావల్ల కాలేదు. అందుకని చంపేశాను."

"ఎవర్ని?"

"మొగుణ్ణి. పెళ్ళి చేసుకోకుండానే."

"విధవ వేషానికి నల్ల శాలువా నాది," అంది తెక్లా గర్వంగా. "కప్పుకుని భలే ఏడ్చిందిలే. నాకే జాలేసింది."

"పట్టా ఇచ్చే ముందు ఇన్‌స్పెక్టరు వస్తాడు," ఎఫీకి హుషారొచ్చింది. "ఇల్లుందా, పశువులున్నాయా అని చూస్తాడు. ఎవరి దగ్గర ఏముందని? ఇరుగూ పొరుగూ అన్నీ బదులు తెచ్చుకునేవాళ్ళం. నా మట్టిగడ్డల ఇంటికి పొయ్యి ఒకళ్ళది, కిటికీ అద్దం ఇంకొకళ్ళది. ఆవు ఒకటే. ఆయన గుర్రబ్బండి దారిన వస్తుంటే, ఆ ఆవు వాగుకి అడ్డంపడి ఆయనకంటే ముందే తర్వాతి పొలానికి చేరిపోయేది. నా దగ్గరికొచ్చేసరికి నుదుటి మీద తెల్లమచ్చకి మసి పూశాం. ఈ ఆవుని ఎక్కడో చూశానే అన్నాడాయన. దాని అక్కని చూసుంటారు బాబూ అన్నాను."

తెక్లా పొట్ట పట్టుకుని నవ్వింది.

"సాయంత్రానికి ఎవరివి వాళ్ళకి అప్పజెప్పేశా," అని ముగించింది ఎఫీ.

"అన్నీ?" తెక్లా సాగదీసింది.

"నువ్వు గింజలు తిను."

మూరియల్‌కి నవ్వు రాలేదు. చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళూ లేని మనిషి కోసం ఏడ్చానా అనుకుంది. అంతకంటే ఘోరమైన ఆలోచన ఆ వెనకే వచ్చింది.

"అంటే... పెళ్ళి కాకుండానే నేను..."

"ఛీ! నోర్ముయ్!" ఎఫీ బల్ల మీద ఒక్కటి చరిచింది. పిండి ఎగిరింది. "నేను పద్ధతైన మనిషిని. ఇప్పటికీ ఏ మగాడూ నా చిటికెన వేలు కూడా ముట్టుకోలేదు!"

"మరి నేనెలా పుట్టానమ్మా?"

ఎఫీ కళ్ళలో నీళ్ళు తిరగడం మూరియల్ పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం. ఇంత నోరున్న మనిషి, దొంగతనం చేసి దొరికిన పిల్లలా తెక్లా వైపు చూసింది.

తెక్లా ఒళ్ళోని పొట్టు పొయ్యిలో వేసి, మెల్లగా లేచి వచ్చి, మూరియల్ వెడల్పు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"సాయంత్రానికి ఇచ్చేస్తానంది పిల్లా, ఇంకా ఇవ్వలేదు."