కొరకని గింజ

వాగు గట్టున చీమలు రాగులు పండించుకునేవి. ఏటా వరదకు చేను కుళ్లిపోయేది, పిల్లచీమలు ఆకలికి చచ్చిపోయేవి. జాలిపడ్డ గిజిగాడు ఎక్కడినుంచో రెండు కొత్త గింజలు తెచ్చాడు.

"ఇవి నీళ్లలో కుళ్లవు. నాటుకోండి."

చీమలు హడలిపోయాయి. "ఎక్కడి గింజో ఏమో! మొలిచి మన పుట్టనే మింగేస్తే?" అంది ముసలిచీమ. దాచుకునే గింజ మొలవకుండా దాని ముక్కు కొరికేయడం చీమల అలవాటు. భయంకొద్దీ ఒక గింజను అలాగే కొరికి మరీ నాటింది. అది మొలవలేదు.

"ఏమోయ్ గిజిగా, చచ్చిన గింజ అంటగట్టావా?"

"ముక్కు కొరికేస్తే మీ గింజ మాత్రం మొలుస్తుందా, తాతా?"

తొలకరి మబ్బు ఉరిమింది. కిందటేడు పిల్లల్ని పోగొట్టుకున్న కోడలు చీమ, భయపడుతూనే, రెండో గింజను కొరక్కుండా నాటింది.

కంకులు పండే వేళకు వరద ముంచెత్తింది. చేనంతా కుళ్లింది. ఆ ఒక్క మొక్కే నిలబడింది. పుట్టలోకి నీళ్లు రాగానే చీమలన్నీ పిల్లల్ని నోట కరుచుకుని దానిమీదికే ఎక్కాయి. గాలికి ఊగే కంకిని పట్టుకుని, ముసలిచీమ అలవాటుగా ఒక గింజ మీద నోరు తెరిచింది.

"ఆగు మామా!" కోడలు కేక పెట్టింది. "వచ్చే ఏటికి మనకున్న విత్తనాలు ఇవే!"

ముసలిచీమ ఉలిక్కిపడి నోరు మూసుకుంది.