చచ్చిన ఫోన్ల గోడ

అమ్మ గొంతు వినగానే శ్రీదివ్య సీట్లోంచి లేచి నిలబడింది.

చిక్కడపల్లిలోని ఆ హాలు నిండా బడిపిల్లలే. చెల్లెలు సంయుక్త తయారుచేసిన ప్రదర్శన అది. వాతావరణం ఎలా మారిపోతోందో పాటలతో, తెర మీది బొమ్మలతో చెబుతోంది. నెల రోజుల వాన ఒక్క గంటలో కురిస్తే ఎలా ఉంటుందో డప్పు మీద వాయించి చూపిస్తే, ఉపన్యాసాలకు ఆవులించే పిల్లలు కూడా కళ్లార్పకుండా చూశారు. వేదిక వెనక గోడంతా చచ్చిన ఫోన్లు, వైర్లు. చుట్టాల ఇళ్లన్నీ తిరిగి పోగుచేసిన చెత్త. అందులో శ్రీదివ్య ఇచ్చిన పాత ఫోన్ కూడా ఒకటుంది.

అంతలో డప్పు ఆగింది. లైట్లు ఆరిపోయాయి. చీకట్లో ఆ గొంతు ఒక్కటే.

"బిడ్డా, ఇంట్లకు నీళ్లొస్తున్నయ్. తలుపు తెరుసుకుంటలేదు. జర జల్ది రా బిడ్డా..."

ముందు వరుసలో ఒక పాప ఏడ్చేసింది. తరవాత హాలంతా చప్పట్లు.

రెండేళ్ల కిందటి మాట. అశోక్‌నగర్‌లో నాలా పక్కన, కింది పోర్షన్‌లో అమ్మ ఒక్కతే ఉన్న మధ్యాహ్నం ఇల్లు మునిగింది. సంయుక్త ఏదో ప్రోగ్రాం ఉండి వరంగల్‌లో ఉంది. శ్రీదివ్య దగ్గర్లోనే, నారాయణగూడలో ఉంది. పొద్దున్నే తన ఫోన్ చెడిపోయిందని, లేకపోతే పరుగెత్తుకుని వచ్చేదాన్నని శవం పక్కన పడి ఏడ్చింది. "నువ్వేం జేస్తవక్కా" అని సంయుక్తే ఆమెను వాటేసుకుని ఓదార్చింది.

అలాంటి చెల్లెలు ఇంత పని చేసింది! తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

పిల్లలు వెళ్లిపోయాక శ్రీదివ్య వేదిక ఎక్కింది. సంయుక్త గోడ మీంచి ఫోన్లు ఒక్కొక్కటే విప్పుతోంది.

"గిదేంది సంయుక్తా? అమ్మ ఆఖరి మాటలు చప్పట్ల కోసం వాడుకుంటవా?"

"చప్పట్ల కోసం కాదక్కా. వానంటే మిర్చిబజ్జీలొక్కటే కాదని పిల్లలకు తెల్వాలె."

"నన్నొక్క మాట అడగొద్దా? అమ్మ పోయినంక నాకు మిగిలింది నువ్వొక్కదానివే. నిన్ను నమ్మితే ఇంత మోసమా?"

శ్రీదివ్యకు దుఃఖం పొంగుకొచ్చింది. కళ్లు తుడుచుకుంది.

"గా మెసేజ్ తీసెయ్. మల్ల ఎక్కడన్న వినిపించినవో, నాకు చెల్లెలే లేదనుకుంట."

"నాకు గూడ పోయిన నెలనే దొరికింది" అంది సంయుక్త.

గోడ మీంచి మూల పగిలిన ఫోన్ ఒకటి తీసి అక్క చేతిలో పెట్టింది. స్క్రీన్ వెలిగింది.

"అమ్మ గా మెసేజ్ నాకు పంపలే అక్కా, నీకు పంపింది, గోడకని నువ్విచ్చిన ఈ ఫోన్ బాగుచేయిస్తే దొరికింది, నువ్వు విన్నవన్న నీలిగుర్తుతో సహా."